జిగురు వేసిన పాఠం

నా గురించి ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు గానీ, నా జిగురుకి వంక పెట్టినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు. మైదాపిండి, నీళ్ళు, చిటికెడు పటిక. సన్నని సెగ మీద గరిటె ఆపకుండా తిప్పాలి. ఉండ కట్టిందా, పని చెడ్డట్టే. పటిక వేస్తే పురుగు పట్టదు. ఆ జిగురుతో అతికిన కాగితం చిరగాల్సిందే తప్ప ఊడదు. మా చర్చి స్కూలుకి కొత్త పుస్తకాలు వచ్చినప్పుడల్లా జిగురు కాచే పని నాదే. మహిళా సంఘానికి పెద్దని, స్కూలు కమిటీలో సభ్యురాలిని, పైగా నోరున్నదాన్ని. ఇంకెవరికి ఇస్తారు?

జిగురెందుకంటే, పై తరగతి జీవశాస్త్రం పుస్తకంలో ఒక పాఠం ఉంటుంది. మనిషి, కోతి, చేప, పిట్ట అన్నీ ఒకే మూలం నుంచి కోట్ల ఏళ్ళలో మారుతూ వచ్చాయని చెప్పే పాఠం. ప్రభుత్వం వేసిన పుస్తకం, మార్చడానికి లేదు. ఆరు రోజుల్లో దేవుడు సృష్టించాడని ఆదివారం చెప్పి, సోమవారం ఇంకోటి ఎలా చెప్తాం? అందుకని ఆ పేజీలు అతికించేసేవాళ్ళం. పబ్లిక్ పరీక్షలో ఆ పాఠం నుంచి పెద్ద ప్రశ్న ఒకటి తప్పకుండా వచ్చేది. మా పిల్లలు దాన్ని వదిలేసేవాళ్ళు. పరీక్షలయ్యాక వచ్చే ఆదివారం, పాస్టరుగారు వేదిక మీంచి "ఆ ప్రశ్న వదిలినవాళ్ళు లేవండి" అనేవారు. తరగతి మొత్తం లేచి నిలబడేది. చర్చి అంతా చప్పట్లు. దేవుడి కోసం పోగొట్టుకున్న మార్కులని వాటికి పేరు. ఆ చప్పట్లు వింటే నాకు ఒళ్ళు పులకరించేది. దాన్ని ఎవరైనా వెక్కిరిస్తే ఇప్పటికీ ఊరుకోను.

ఆ ఏడాది పుస్తకాలు మార్చి వేశారట, అచ్చు ఆలస్యమై ఆఖరి టర్మ్‌కి గానీ రాలేదు. చలి ఇంకా పోలేదు. స్కూలు భోజనాల హాల్లో పొడుగు బల్లల మీద పాత వార్తాపత్రికలు పరిచి, సంఘం ఆడవాళ్ళందరం కుంచెలు పట్టుకుని కూర్చున్నాం. మా పనికి ఒక నియమం ఉంది. చదవకూడదు. పేజీ అంకె చూడాలి, అంచులకి జిగురు రాయాలి, అదిమి పక్కన పెట్టాలి. ఏ అంకె నుంచి ఏ అంకె దాకా అన్నది మాకు కంఠతా వచ్చు.

ఆ ఏడాదే పాత సైన్సు మాస్టారు రిటైరైతే ఆయన చోట్లోకి నా కోడల్ని తీసుకున్నారు. మావాడు స్కూలు ఆఫీసులో గుమాస్తా, ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. ముగ్గురం స్కూలు వెనక స్కూలువాళ్ళిచ్చిన ఇంట్లోనే ఉండేవాళ్ళం. కోడలు వచ్చి, హాలు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

"నిలబడ్డావేం? కుంచె తీసుకో," అన్నాను.

"నేను వద్దులెండి అత్తయ్యా."

"ఏం, చేతులు అరిగిపోతాయా?"

"ఆ పాఠం చెప్పాల్సింది నేను. చెప్పాల్సినదాన్ని నేనే ఎలా అతికించను?"

మెల్లగానే అంది. కానీ కుంచెలన్నీ ఆగిపోయాయి. కమిటీలో పెద్ద నోరున్న కలప వ్యాపారి ఒకాయన ఉన్నాడు, కలపాయన అంటాం. ఆయన భార్య నా పక్కనే కూర్చుంది. "ఎవరండీ ఆ అమ్మాయి? మీ కోడలేనా?" అంది, తెలిసే.

"మావాడి భార్య," అన్నాను.

రెండూ ఒకటే కదా అంటారేమో. కాదు. కోపం వచ్చిన ఏ అత్తనైనా అడగండి, చెప్తుంది.

ఇంటికి రాగానే సంచి కుర్చీలో పడేసి మొదలుపెట్టాను. "నలుగురిలో నా పరువు తీశావు. నువ్వు దేవుణ్ణి నమ్ముతావా లేదా? ఒక్క మాటలో చెప్పు."

"నమ్ముతాను."

"మరి?"

"నమ్ముతాను కాబట్టే అత్తయ్యా. పిల్లలు ఆ ప్రశ్న వదిలేస్తే మీరు చప్పట్లు కొడతారు. వాళ్ళకి జవాబు తెలిస్తే కదా వదలడానికి? నాకు పాట రాదు. నేను పాడకపోవడం త్యాగమా?"

అడకత్తెరలో పోకచెక్కలా మా ఇద్దరి మధ్య కూర్చున్న మావాడు, నవ్వు ఆపుకోలేక టీ కప్పులోకి దగ్గాడు. వాడి వైపు ఒక చూపు చూశాను. కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి జరిగాడు.

"కాదనడానికైనా ముందు అదేంటో తెలియాలి కదా," అంది కోడలు.

"విషం విషమని తెలియడానికి తాగి చూడాలా?"

"అక్కర్లేదు. సీసా మీద పేరు చదివితే చాలు. మనం అది కూడా చదవనివ్వట్లేదు."

"అన్నం పెట్టే చేతినే కరిచే రకం," అని గొణుక్కుంటూ గదిలోకి పోయాను.

వారం తిరక్కుండానే కమిటీ కూర్చుంది. ఇంకో సంగతి మీద కూర్చున్నాం గానీ, మధ్యలో కోడలు పుస్తకం పట్టుకుని వచ్చింది. పాస్టరుగారి ముందు తెరిచి పెట్టింది.

"గుండె పాఠం సగం లేదండీ."

"లేకపోవడమేంటమ్మా?"

"కొత్త పుస్తకంలో మీరు అతికించే పాఠాన్ని కాస్త కుదించి వేశారు. మీరేమో పాత అంకెల ప్రకారం అతికించారు. దాంతో వెనకున్న గుండె పాఠం సగం లోపలికి పోయింది. పై గదులు లోపల ఉన్నాయి, కింది గదులు బయట ఉన్నాయి."

అంత మాట నవ్వకుండా ఎలా చెప్పిందో! నేనైతే పడీ పడీ నవ్వేదాన్ని. పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని పేజీని వెలుగుకి ఎత్తి పట్టి చూశారు. కలపాయన నామీదికి తిరిగాడు.

"అంతమంది కూర్చుని అతికించారు. ఒక్కరూ చూసుకోలేదా?"

"చూడకూడదనే కదండీ నియమం," అన్నాను. "చూడొద్దంటే చూడలేదు. చెప్పిన మాట వినడం కూడా తప్పేనా?"

గుండె మీద ప్రశ్న రాని ఏడాది లేదు. అది పోతే పిల్లలు తప్పుతారు. కాబట్టి పేజీలు విప్పాలి. ఆ పాఠం ఎక్కడ అయిపోయి గుండె ఎక్కడ మొదలవుతుందో చూసి, గుండె పాఠాన్ని మాత్రం బయట వదిలి, మిగతాది మళ్ళీ అతికించాలి. చూడాలంటే చదవాలి. చదివేదెవరు? కోడలు ఆ పుస్తకాల మీద చెయ్యి వేయడానికి వీల్లేదని కలపాయన పట్టుపట్టాడు. పాస్టరుగారు అందరి ముఖాలూ చూసి నా దగ్గర ఆగారు.

"మీరు చెయ్యండమ్మా. మీరైతే చలించరు."

ఆ మాటకి నా తల వెళ్ళి ఇంటి కప్పుకి తగిలినంత పనైంది.

పుస్తకాలన్నీ మా వంటింట్లోకి చేరాయి. పిండి జిగురు దేనికీ లొంగదు, ఒక్క ఆవిరికి తప్ప. కెటిల్ మూతి దగ్గర అతికిన అంచు పట్టుకుని ఓపిగ్గా తిప్పాలి. గుండె పేజీల వరకే విప్పుదామని మొదలుపెట్టాను. ఆవిరికి ఏ పాఠం ఏదో తెలుస్తుందా? కట్టంతా వదులైపోయి పేజీలన్నీ ఒక్కసారే విచ్చుకున్నాయి. సరే, ఏది ఎక్కడ అవుతుందో చూద్దామని కళ్ళజోడు పెట్టుకున్నాను. చలించకూడదు కదా, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని మొదటి పేజీ నుంచి చదివాను.

పిట్టల ముక్కుల బొమ్మలు. రాతిలో అచ్చుపడిన చేప ఎముకలు. కొంత అర్థం కాలేదు. కొంత అర్థమయ్యీ ఒప్పుకోలేదు. తిమింగలం ఒంట్లో పూర్వపు కాళ్ళ ఎముకల ముక్కలు మిగిలి ఉంటాయన్న చోట ఆగి, మళ్ళీ చదివాను. పాఠం అయిపోయింది. దేవుణ్ణి తిట్టిన మాట ఒక్కటి లేదు. అసలు ఆయన ఊసే లేదు. కుర్చీ చెయ్యి వదిలేశాను.

అప్పుడొచ్చింది కోపం. పుస్తకం మీద కాదు. ఇన్నేళ్ళుగా గిన్నెలకి గిన్నెలు జిగురు కాచింది ఈ పిట్ట ముక్కులకి భయపడా? భర్త పోయిన ఏడాది చెక్కుచెదరని నా విశ్వాసం, ఈ నాలుగు కాగితాలు చదివితే కూలిపోతుందని ఎవరు చెప్పారు వీళ్ళకి? నన్ను అంత తీసిపారేస్తారా?

"ఇలా రా!" అని కేకేశాను. కోడలు పరుగున వచ్చింది, చెయ్యి కాల్చుకున్నాననుకుని.

"తిమింగలానికి కాళ్ళ ఎముకలెందుకు?"

నా చేతిలో తెరిచి ఉన్న పేజీ చూసింది. "చెప్పమంటారా?"

"వినాలని లేకపోతే అడుగుతానా?"

చెప్పింది. నేను అడ్డం తగిలాను. మళ్ళీ చెప్పింది. మళ్ళీ తగిలాను. పొయ్యి మీద పులుసు ఇగిరిపోయి అడుగంటింది, ఇద్దరం చూడలేదు. మావాడు వచ్చి గిన్నె దించి, మాట్లాడకుండా రొట్టె ముక్కలు కోసుకుని తిన్నాడు.

"నువ్వెన్ని చెప్పు, నాకు ఆరు రోజులంటే ఆరు రోజులే," అన్నాను చివరికి.

"ఒప్పుకోకండి అత్తయ్యా. కానీ మీరు ఇందాక అడిగారే, మధ్యలో ఉండాల్సిన జంతువులన్నీ ఏమయ్యాయని, అది చాలా మంచి ప్రశ్న. మా కాలేజీలో మేష్టర్లు కూడా దానిమీదే కొట్టుకునేవాళ్ళు."

ఆదివారం బడిలో నేను ఎన్ని తరాల పిల్లలకి చెప్పానో! ఒక్క పిల్ల నన్ను ప్రశ్న అడగలేదు. మంచి ప్రశ్న అని నన్ను మెచ్చుకున్నవాళ్ళూ లేరు. నా వయసులో మెచ్చుకోలు వింటే సిగ్గేస్తుంది, అది కూడా కోడలి నోటి నుంచి. లేచి వెళ్ళి అడుగంటిన గిన్నె తోమాను.

మర్నాడు ఆ పాఠం మళ్ళీ అతికించి పంపాలి. పొద్దున్నే జిగురు గిన్నె పొయ్యి మీద పెట్టాను. పిండి డబ్బా మూత తీశాను. కాసేపు చూసి మూత పెట్టేశాను. గిన్నె తుడిచి పై అరలో పెట్టాను.

"ఆ పుస్తకాలు క్లాసుకి చేర్చు," అన్నాను మావాడితో.

"ఇలాగేనా అమ్మా?"

"చెవుడా నీకు?"

మధ్యాహ్నానికి కమిటీ గదిలో కలపాయన బల్ల గుద్దుతున్నాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇదే! కోడలు ఎక్కించింది, అత్త తలూపింది. ఆ అమ్మాయిని ఇవాళే తీసెయ్యాలి."

"ఎక్కించడానికి నేనేమన్నా గాడిదనా?" అన్నాను. "విప్పింది నేను, పంపింది నేను. చదివింది కూడా నేనే. మీరు చదివారా? చదవందే దేనికి బల్ల గుద్దుతున్నారు? తీసేస్తే నన్ను తీసెయ్యండి."

పాస్టరుగారు మంచివారే. పిల్లల విశ్వాసం తన చేతిలో పెట్టారని, అది జారితే దేవుడికి తనే లెక్క చెప్పుకోవాలని నిజంగా భయపడే మనిషి. కోడల్ని పిలిపించారు.

"నువ్వు ఏం చెయ్యాలనుకుంటున్నావమ్మా?"

"పాఠం చెప్తానండి. పరీక్షలో రాయమని చెప్పను, వదలమనీ చెప్పను."

ఆయన కలపాయన్ని చెయ్యెత్తి ఆపారు. "సరే, చెప్పు. పరీక్షలయ్యాక ఆదివారం ఎప్పటిలాగే అడుగుతాను. ఒక్కరు కూడా లేవకపోతే, ఈ పాఠం మన పిల్లల విశ్వాసాన్ని తినేసిందని అర్థం. అప్పుడు నువ్వు వెళ్ళిపోవాలి."

"ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి," అని కలిపాడు కలపాయన.

"అలాగేనండి," అంది కోడలు, కూరల బేరం కుదిరినంత మామూలుగా.

ఆ సాయంత్రం ముగ్గురం భోజనాలకి కూర్చున్నాం. ముందు మావాడే నోరు విప్పాడు, వాడు! "ఖాళీ చెయ్యాల్సొస్తే చేద్దాం. ఆర్గన్ లేని చర్చి ఉంటుందా? ఎక్కడైనా వాయించుకుంటాను." వాడు అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందో. కోడలు లేచి వాడి పళ్ళెంలో ఇంకో రొట్టె ముక్క పెట్టింది.

ఆ పాఠం చెప్పే రోజు కోడలు మధ్యాహ్నం తిండి డబ్బా మర్చిపోయిందని స్కూలుకి తీసుకెళ్ళాను. సంచిలోంచి ఆ డబ్బా తీసి దాచింది నేనే, అది వేరే సంగతి. క్లాసు కిటికీ పక్కన, వరండాలో స్తంభం చాటున నిలబడ్డాను. ముందు బల్ల దగ్గర పాస్టరుగారి చిన్నమ్మాయి. తండ్రికి తగ్గ కూతురు, పట్టిన పట్టు వదలదు. లేచి నిలబడి ఉంది.

"టీచర్, ఇదంతా అబద్ధమైతే?"

"ఎక్కడ అబద్ధమో చూపించు. నేనూ వింటాను. కానీ చూపించాలంటే ముందు నాకంటే బాగా చదవాలి."

"చదివినా నమ్మకపోతే?"

"అది నీ ఇష్టం. తెలియక వదిలితే అది ఖాళీ కాగితం. తెలిసి వదిలితే అది నీ మాట."

ఆ పిల్ల అంతటితో ఆగలేదు. కన్ను లాంటిది దానంతటది ఎలా తయారవుతుందని ఏదో మెలిక ప్రశ్న వేసింది. కోడలు కొంత చెప్పి, ఆగి, "మిగతాది నాకు తెలియదు. కనుక్కుని రేపు చెప్తాను," అంది. తెలియదు అని ఒక టీచరు అనడం ఆ స్కూల్లో నేను వినలేదు. అక్కడ చాలాకాలం హెడ్మాస్టరుగా చేసిన నా భర్త కూడా ఏనాడూ అనలేదు. పిల్లలు మాత్రం ముందుకి వంగి కూర్చున్నారు. డబ్బా అక్కడే కిటికీ గట్టు మీద పెట్టి వచ్చేశాను.

ఎండలు ముదిరాయి. పరీక్షలు మొదలయ్యాయి. ఆ ప్రశ్న రానే వచ్చింది. ఇంటి సామాను ఎన్ని బళ్ళకి వస్తుందో లెక్కలేసుకునేదాన్ని. ఒక రోజు బట్టలు మడతపెడుతూ, పైకి మామూలుగా అన్నాను, "పిల్లల్లో ఒకరిద్దరు నా దగ్గర ఆదివారం బడి చదివినవాళ్ళే. లేచి నిలబడమని ఒక మాట చెప్తే వింటారు."

కోడలు చేతిలో మడత ఆపింది. "వద్దత్తయ్యా."

"ఒక్కరంటే ఒక్కరు లేస్తే చాలే పిచ్చిదానా. నీ ఉద్యోగం నిలుస్తుంది."

"మనం చెప్తే లేచారంటే, అది కూడా జిగురే కదా."

ఇంత మొండిదాన్ని ఎక్కడ చూసి తెచ్చాడురా మావాడు అనుకున్నాను. మొండితనం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అద్దంలో రోజూ చూసేదే. ఆ మాట అనుకోగానే, ఎందుకో, ఆ పిల్ల నా కడుపున పుట్టినంత గర్వమేసింది.

ఆదివారం వచ్చింది. చర్చిలో కూర్చోడానికి చోటు లేదు. వెనక వరసలో కోడలు, నేను. తలుపులన్నీ తెరిచినా ఉక్కపోత. మావాడు చివరి పాట వాయించి ఆపాడు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ ప్రశ్న వదిలినవాళ్ళు లేవండి."

ఎవరూ లేవలేదు. పై తరగతి పిల్లల వరస కొయ్యబారినట్టు కూర్చుంది. ఎవరో దగ్గారు. కలపాయన వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. నా గుండెలో పై గదులూ కింది గదులూ అన్నీ కలిసి కొట్టుకున్నాయి. కోడలి చెయ్యి పట్టుకుందామనుకున్నాను. తను చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముందుకే చూస్తోంది.

అప్పుడు బెంచీ కిర్రుమంది. పాస్టరుగారి చిన్నమ్మాయి లేచింది. ఒక్కతే.

ఎప్పుడూ అయితే ఇక్కడ చప్పట్లు. ఆ రోజు పాస్టరుగారు కూతుర్నే చూస్తూ ఉండిపోయారు. ఇన్నేళ్ళలో ఎవరినీ అడగని ప్రశ్న అడిగారు.

"ఎందుకు వదిలావమ్మా?"

"జవాబు మొత్తం వచ్చు నాన్నా. టీచర్ చెప్పిన ప్రతి ముక్కా వచ్చు, బొమ్మలతో సహా." చేతిలో పాటల పుస్తకం బెంచీ మీద పెట్టింది. "నేను ఒప్పుకోను. అందుకే వదిలాను. పోయినేడు అక్క వదిలినప్పుడు అక్కకి ప్రశ్నే అర్థం కాలేదు. నాకు అర్థమైంది."

చర్చికి ఏం చెయ్యాలో తెలియలేదు. చప్పట్లు కొడితే ఎవరికి కొట్టినట్టు? కలపాయన చేతులు సగం పైకి లేచి అక్కడే ఆగిపోయాయి. అంతలో నా పక్కన చప్పట్లు వినిపించాయి. కోడలు. ఉద్యోగం నిలిచిందన్న సంతోషం కాదు ఆ ముఖంలో. తన క్లాసులో అందరికంటే బాగా చదివిన పిల్లని చూసే టీచరు ముఖం. తను చెప్పిన పాఠాన్ని కాదన్న పిల్లకి, లేచి నిలబడి మరీ చప్పట్లు కొడుతోంది. తర్వాత నేను కొట్టాను, అరచేతులు మండేలా. ఆ తర్వాత ఆ ప్రశ్న రాసిన పిల్లలందరూ వదిలిన పిల్లకి కొట్టారు. అప్పుడు గానీ చర్చి కదల్లేదు.

బయటికి వచ్చేటప్పుడు పాస్టరుగారు ఎప్పటిలాగే తలుపు దగ్గర నిలబడి అందరితో చేతులు కలుపుతున్నారు. కోడలి చెయ్యి పట్టుకుని కాస్త ఆగారు.

"వచ్చే ఏడాది పుస్తకాలు రాగానే ముందు నాకొకటి పంపమ్మా. చదవాలి."

"అలాగేనండి," అంది. ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు ఎలా అందో అలాగే.

మెట్లు దిగుతుంటే కలపాయన భార్య నా మోచెయ్యి పట్టుకుంది. "ముందు చప్పట్లు మొదలుపెట్టిందెవరండీ?" అంది, తెలిసే. చుట్టూ పదిమంది ఉన్నారు.

"మా కోడలు," అన్నాను.

ఆవిడకి చెవులు బాగానే వినిపిస్తాయి. అయినా ఇంకోసారి చెప్పాను.